గేటు దగ్గర బండి

తెల్లవారకముందే బయల్దేరింది డోరిన్. అయినా ఆలస్యమైపోయింది.

మట్టిరోడ్డు చివరి మలుపు తిరగ్గానే హెడ్‌లైట్ల వెలుగులో ఇనప గేటు కనిపించింది. గేటు పక్కన ఆకుపచ్చ పికప్. ఎడమవైపు తలుపు ఒక్కటే తెలుపు. ఆ బండి ఎవరిదో చుట్టుపక్కల ఎవర్నీ అడగక్కర్లేదు. ఆర్లో టిబెట్స్‌ది.

"ఛ!" అంటూ స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టింది. వెంటనే లైట్లు ఆర్పేసింది.

అది అలవాటు. గేటు దగ్గర ముందే ఒక బండి ఉంటే లైట్లు ఆర్పాలి. తలుపు తియ్యకూడదు. చప్పుడు లేకుండా వెనక్కి తిప్పుకుని ఇంకో చోటు చూసుకోవాలి. లోపలికి వెళ్ళినవాడి వేట చెడగొట్టకూడదు. చట్టంలో ఈ మాట ఎక్కడా లేదు. గేటు అవతలి అడవంతా ప్రభుత్వానిది, అంటే అందరిదీ. బండి పోకూడదు గాని మనిషి ఎప్పుడైనా నడిచి పోవచ్చు. అయినా మోంటానాలో ఈ కొండల కింద పెరిగినవాళ్ళెవరూ అలా పోరు. డోరిన్‌కి తుపాకి పట్టుకోవడం నేర్పడానికంటే ముందు వాళ్ళ నాన్న ఇది నేర్పాడు.

ఒక గేటుకి ఒక బండి.

ఆమె వెనక్కి తిప్పుకుంది. ఆదివారంతో వేట సీజను ముగిసిపోతుంది. ఇంట్లో ఫ్రీజరు ఖాళీగా ఉంది. ఏటా ఆమె, ఆమె భర్త వెర్న్ చెరొక ఎల్క్ దుప్పిని కొట్టుకొస్తే చలికాలమంతా మాంసానికి లోటుండేది కాదు. ఈసారి వేసవిలో వెర్న్ దుంగల లారీ మీంచి పడ్డాడు. నడుముకు పట్టీ వేసుకుని వంటింట్లో కుర్చీకి అతుక్కుపోయాడు. మిగిలింది ఆమె రైఫిల్ ఒక్కటే. ఆసుపత్రి లాండ్రీలో బతిమాలి ఈ వారం సెలవు తీసుకుంది. మంచు పడితే ఎల్క్ మంద దిగొచ్చేది ఈ గేటు వెనకున్న స్టోవ్‌పైప్ లోయలోకే. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఆర్లోకూ తెలుసు.

డ్రై ఫోర్క్ అనే పక్క లోయలో ఒక ఫర్ చెట్టు మొదట్లో కూర్చుంది. గ్లవ్స్ తీసి రైఫిల్‌కి గురి చూసే స్కోపు మీది తేమ తుడిచింది. ఎదురుగా గడ్డి వాలు. ఎండు గడ్డి తప్ప ఏమీ లేదు. తెల్లారాక కొండ అవతల నుంచి ఒక తుపాకి మోత వినిపించింది. ఒక్కటే, బరువుగా.

"కొట్టేశాడు ముసలాడు" అనుకుంది.

ఫ్లాస్కులోని కాఫీ అయిపోయే వేళకి మళ్ళీ మోతలు. ఈసారి మూడు. ఒకదాని తర్వాత ఒకటి, తొందర లేకుండా.

డోరిన్ ముఖం చిట్లించింది. ఒక ఎల్క్‌కి నాలుగు తూటాలా?

*

పెట్రోలు బంకు వెనక రెండు బల్లలున్న చిన్న కాఫీ గది ఉంది. మధ్యాహ్నానికి డోరిన్ అక్కడికి చేరేసరికి మెర్ల్ పెక్ ఒక బల్ల మొత్తం ఆక్రమించుకుని సూపు తాగుతున్నాడు. గ్యాసు సిలిండర్ల లారీ నడుపుతాడు. ఊళ్ళో కబురు ఏదైనా ముందు అతని దగ్గరికే వస్తుంది, తర్వాత అతనితో పాటు లారీలో తిరుగుతుంది.

"రా డోరిన్, రా. చేతులకి రక్తం లేదు, ముఖంలో కళ లేదు. అడగక్కర్లేదన్నమాట."

"గేటు దగ్గర టిబెట్స్ ఉన్నాడు" అంది ఆమె ఎదురుగా కూలబడి.

"నేనూ చూశా. నీకంటే ముందే వచ్చి, ముందే తిరిగిపోయా." మెర్ల్ నవ్వాడు. "మోతలు విన్నావా? ఒకటి, ఆ తర్వాత మూడు. ముసలాడికి చూపు పోయింది. మొదటిది ఎల్క్‌కి తగిలుంటే మిగతా మూడూ చెట్లకి."

"తగిలితే ఇవ్వాళే దించుకుంటాడు. రేపటికి గేటు ఖాళీ అవుతుంది."

"ఆశ మంచిదే. కాని ఆ బండిని నమ్మకు. నీకు గుర్తులేదా, రెండేళ్ళ కింద ఏం చేశాడో? రాత్రే బండి గేటు దగ్గర పెట్టి, పక్కింటివాడి కారెక్కి ఇంటికెళ్ళి పడుకున్నాడు. తెల్లారి తాపీగా టిఫిను చేసి వచ్చాడు. బండి చూసి మనమంతా మర్యాదగా వెనక్కి."

"గుర్తులేకపోవడమేంటి! ఆ రోజు లోపలికి నడిచింది నేనేగా."

"అవునవును!" మెర్ల్ చెంచా పైకెత్తాడు. "గేటు దగ్గర నిలబెట్టి కడిగేశాడుగా నిన్ను. అంతమందిలో. ఏమన్నాడు? 'మీ నాన్న నీకు మర్యాద నేర్పకుండానే పోయాడా' అని కదూ?"

డోరిన్ చలికి మొద్దుబారిన వేళ్ళు రుద్దుకుంది. ఆ మాట ఆమెకు అక్షరం తప్పకుండా గుర్తుంది. ఆ రోజు ఆమె లోపలికి వెళ్ళినప్పుడు ఆయన ఇంట్లో గుడ్లు వేయించుకుంటున్నాడు. అయినా అందరి ముందూ మర్యాద లేనిది ఆమే అయింది.

*

ఆ రాత్రి మంచు పడింది. చీలమండ మునిగేంత, పొడి మంచు. వేటకి అంతకంటే మంచి రోజు ఉండదు.

గురువారం డోరిన్ ఇంకా ముందే లేచింది. గేటు దగ్గరికి వచ్చేసరికి ఆకుపచ్చ పికప్ అక్కడే ఉంది.

ఈసారి ఆమె వెంటనే లైట్లు ఆర్పలేదు.

బండి కప్పు మీద మంచు. బానెట్ మీద మంచు. అద్దం మీద మంచు. ఎక్కడా చెయ్యి పడిన గుర్తు లేదు. బండి చుట్టూ నేల దుప్పటి పరిచినట్టుంది. తలుపు దగ్గర గాని, గేటు దగ్గర గాని ఒక్క అడుగు ముద్ర లేదు. ఈ తెల్లారుజామున ఈ బండిలోంచి ఎవరూ దిగలేదు.

"దొంగ సచ్చినోడు!" అంది పైకే.

వెనక నుంచి ఇంకో బండి వెలుగు. మెర్ల్. పక్కకొచ్చి ఆగి అద్దం దించాడు. ఇద్దరి ఊపిరీ పొగలా మధ్యలో కలిసింది.

"చూశావా?" అంది డోరిన్.

"చూశా. ముసలాడి పాత ఆటే. నిన్న దుప్పి కొట్టి, దించుకుని, బండి ఇక్కడే వదిలేశాడు. ఏడాదికి మనిషికి ఒక్కటే, ఇంకొకటి కొట్టే హక్కు లేదు. అయినా ఇంకెవరూ పోకూడదు."

"బండి లేకుండా దుప్పిని ఎలా దించుకుంటాడు?"

"ఎవడో స్నేహితుడి బండి తెచ్చుంటాడు. ఆయన తెలివితేటలు నీకు తెలీదా?"

అంతలో దూరంగా, లోయ లోపలి నుంచి ఒక మోత. ఇద్దరూ తలలు తిప్పారు. మరొకటి. ఇంకొకటి.

"అరె!" అన్నాడు మెర్ల్. "ఇంకా వెలుతురే రాలేదు, ఎవడు వాడు?"

"గేటులోంచి ఎవరూ పోలేదు. ముద్రల్లేవు."

"అయితే డ్రై ఫోర్క్ వైపు నుంచి శిఖరం ఎక్కి వెనకనుంచి దిగారు. ఏ పట్నం వాళ్ళో. ఇక్కడ మనం మర్యాద పాటిస్తూ చలికి చస్తుంటే, అక్కడ మర్యాద లేనివాళ్ళు మన దుప్పుల్ని కొడుతున్నారు." మెర్ల్ అద్దం ఎత్తేస్తూ అన్నాడు. "లోపలికి పోదామా అంటే పోదాం. కాని సాయంత్రం ఊరి హాల్లో పండగ భోజనం టిబెట్స్ ఎదురుగా కూర్చుని తినాలి. నాకంత ఓపిక లేదు."

డోరిన్ గేటు వంక చూసింది. కాళ్ళు దిగమంటున్నాయి. ఒళ్ళు కదలలేదు. ఖాళీ బండి అని తెలిసీ ఆమె దాన్ని దాటలేకపోయింది. అందుకు ఆయన మీద కోపం రెట్టింపైంది.

సాయంత్రం అడుగుతాను, అందరి ముందూ అడుగుతాను అనుకుంది. బండి తిప్పింది.

*

ఆ రోజు థాంక్స్‌గివింగ్ పండగ. ఊరి హాల్లో అందరికీ భోజనాలు. వండిపెట్టే ఇల్లు లేనివాళ్ళు, ఉన్నా వండే ఓపిక లేనివాళ్ళు, ఊరికే కబుర్ల కోసం వచ్చేవాళ్ళు. వంట అంతా ఆర్డిత్ చేతి మీదుగా నడుస్తుంది. డెబ్భై దాటినా నిప్పులాంటి మనిషి.

వెర్న్‌ని నెమ్మదిగా కుర్చీలో దింపి, డోరిన్ హాలంతా కలియజూసింది. కిటికీ పక్కన ఆర్లో కూర్చునే చోట ఖాళీ పళ్ళెం ఉంది.

"ఏడీ మీ హీరో?" అంది ఆర్డిత్‌తో.

"రాలేదే అమ్మాయ్. ఫోను చేశా, ఎత్తలేదు. ఆ మనిషి ఫోను ఎప్పుడెత్తాడు కనక!" ఆర్డిత్ చేతులు తుడుచుకుంది. "పదిహేనేళ్ళుగా ఒక్కసారీ మానలేదు. టర్కీ కోడి కాలు ఆయనకే. ఒకటి ఇక్కడ తింటాడు, ఒకటి రేకు కాగితంలో చుట్టించుకుని పోతాడు."

"ముఖం చెల్లక రాలేదులే."

"ఎందుకు చెల్లదు?"

డోరిన్ చెప్పింది. మంచు, ముద్రలు, ఖాళీ బండి. చుట్టూ నలుగురైదుగురు చేరారు. మెర్ల్ మధ్యమధ్యలో మసాలా వేశాడు. ఒకాయన, ఆ బండి నాలుగు టైర్లలోనూ గాలి తీసేయాలన్నాడు. ఇంకొకామె, బండి ఉంటే మనిషి లోపల ఉన్నాడని కదా లెక్క, ఇలా అయితే రేపు ఎవర్ని నమ్ముతాం అంది. అందరూ తలలూపారు.

వెర్న్ మాత్రం బంగాళాదుంప గుజ్జు కెలుకుతూ, "తిండి మానేంత సిగ్గా టిబెట్స్‌కి?" అన్నాడు.

"నువ్వు ఆయన పక్షమా?"

"నేను కుర్చీ పక్షం. ఊరికే అడిగా."

ఆ ప్రశ్న డోరిన్ చెవిలో ఒక క్షణం నిలిచింది. కోపం దాన్ని తోసేసింది.

వెళ్ళేటప్పుడు ఆర్డిత్ ఒక పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. రేకు కాగితంలో టర్కీ కాలు. "నువ్వు పొద్దున్నే ఆ దారినే పోతావుగా. బండి మీద పెట్టి పో. ఎవరితో తగువున్నా తిండితో లేదుగా."

"పెడతాను" అంది డోరిన్. "నేనొచ్చానని తెలియాలి ఆయనకి."

*

శుక్రవారం. అదే బండి, అదే మంచు. పైన గాలికి కొంచెం గట్టిపడిందంతే.

డోరిన్ ఇంజను ఆపింది. ఈసారి తలుపు తీసింది. కావాలనే గట్టిగా వేసింది. ఆ చప్పుడు లోయలోకి దొర్లిపోయింది. బానెట్ మీది మంచు మోచేత్తో ఊడ్చి, వైపరు కింద టర్కీ కాలు ఇరికించింది. తర్వాత గేటు పక్క సందులోంచి లోపలికి అడుగుపెట్టింది.

నలభయ్యారేళ్ళలో తెలిసి తెలిసి ఈ పని చెయ్యడం ఇదే మొదటిసారి. రెండేళ్ళ కిందట బండి ఖాళీదని ముందే తెలుసుకుని పోయింది. ఇవ్వాళ కూడా ఖాళీదే అని తనకు తానే చెప్పుకుంటూ నడిచింది.

పాత దుంగల రోడ్డు మీద వెలుతురు వచ్చేదాకా నడక. ఆ తర్వాత గాలి ఎటుందో చూసుకుని, వాగు ఎడమన వదిలి, వాలు మీదుగా పైకి. చెట్ల అంచుకు వచ్చేసరికి పొట్ట మీద పాకింది. తల మాత్రం ఎత్తింది.

అక్కడున్నాయి.

గడ్డి మైదానంలో మంద. ముందరి కాళ్ళతో మంచు గీరి మేస్తున్నాయి. వీపుల మీంచి ఆవిరి లేస్తోంది. డోరిన్ గుండె చెవుల్లో కొట్టుకుంది. సంచీ ముందుకు లాగి దాని మీద రైఫిల్ ఆనించింది. దగ్గరి ఆడ ఎల్క్, బలిసింది, పూర్తిగా అడ్డంగా నిలబడింది. స్కోపులో ముందరి కాలి వెనక చోటు స్పష్టంగా కనిపించింది. బొటనవేలితో సేఫ్టీ మీట తోసింది. చలికాలమంతా ఒక్క వేలు కదలికలో ఉంది.

అప్పుడు స్కోపు అంచున, ఆ దుప్పి వెనక, ఏదో నారింజ రంగు.

వేలు తీసేసింది.

స్ప్రూస్ చెట్టు కింద నారింజ రంగు జాకెట్. వేటగాళ్ళు తప్పనిసరిగా వేసుకోవాల్సినది. తూటా దుప్పిలోంచి దూసుకుపోతే తిన్నగా అక్కడికే. ఆమె ఒళ్ళంతా చల్లబడింది, వెంటనే వేడెక్కింది. ఎవడో పట్నం వాడు! తన దుప్పి వెనక కూర్చున్నాడు! కదలవయ్యా, కదులు. వాడు కదిలి పక్కకి పోతే చాలు.

వాడు కదల్లేదు.

డోరిన్ కన్ను స్కోపుకి ఆనించే ఉంచింది. ఒక దుప్పి మేసుకుంటూ ఆ చెట్టు వైపే నడిచింది. ఇంకా దగ్గరికి పోయింది. తలెత్తి ఆ నారింజ రంగు వంక చూసి, మళ్ళీ తల దించి మేసింది.

డోరిన్ స్కోపు మీంచి కన్ను తీసింది.

ఎల్క్ మనిషి దగ్గరికి రాదు. మనిషి దగ్గినా, వేలు కదిపినా, కొండ దాటిపోతుంది. అంత దగ్గరగా నిలబడి తాపీగా మేస్తోందంటే, అక్కడున్న మనిషి చాలాసేపటి నుంచి కదలడం లేదు.

బండి మీద మంచు. ముద్రల్లేని నేల. ముద్రలు లేనిది ఎవరూ లోపలికి పోనందుకు కాదు. మంచు పడకముందే పోయి, తిరిగి రానందుకు. మూడు మోతలు, తొందర లేకుండా. మళ్ళీ మూడు. ఆపదలో ఉన్నానని చెప్పడానికి వాళ్ళ నాన్న నేర్పిన గుర్తు అదే. వేట రోజుల్లో అది ఎవరి చెవికీ గుర్తులా వినపడదు, అంతే.

ఆమె లేచి నిలబడింది.

మంద ఒక్కసారిగా తలలెత్తింది. మరుక్షణం మైదానం ఖాళీ. గిట్టల చప్పుడు చెట్లలోకి పోయి ఆగిపోయింది. డోరిన్ ఆ వైపు చూడలేదు. పరిగెత్తింది.

*

ఆర్లో టిబెట్స్ స్ప్రూస్ కొమ్మల కింద, చల్లారిపోయిన బూడిద పక్కన పడి ఉన్నాడు. మీద ఎల్క్ చర్మం, వెంట్రుకలు లోపలికి తిప్పి కప్పుకున్నాడు. పైన అది గడ్డకట్టి రేకులా అయింది. కాస్త పైన పడిపోయిన దుంగల మధ్య చర్మం ఒలిచిన దుప్పి ఇరుక్కుని ఉంది. నక్కలు ఒక పక్కంతా పీకేశాయి. ఆయన ఎడమకాలు మోకాలి కింద తిరగకూడని వైపు తిరిగి ఉంది. దానికి రెండు కర్రలు కట్టుకున్నాడు. తన బెల్టుతో, నీటుగా.

"టిబెట్స్ గారూ!"

కనురెప్పలు మెల్లగా తెరుచుకున్నాయి. గడ్డం నిండా మంచు. ఆమెను చాలాసేపు చూశాడు.

"హాల్వర్సన్ కూతురివా నువ్వు?"

"అవునండీ. డోరిన్‌ని."

"గేటు దగ్గర..." పెదవులు తిరగడం లేదు. "గేటు దగ్గర నా బండి లేదా?"

"ఉంది."

"ఉండగా లోపలికొచ్చావా?"

డోరిన్‌కి ఏడుపో నవ్వో తెలియని ఒక శబ్దం వచ్చింది. "వచ్చాను. మీకు బుద్ధి చెబుదామని వచ్చాను."

"మంచిదే" అన్నాడు ఆర్లో కళ్ళు మూసుకుంటూ. "మర్యాద లేనివాళ్ళు ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూసి విసిగిపోయా."

ఆమె చేతులు పనిలో పడ్డాయి. కింది ఎండు కొమ్మలు విరిచింది, చెట్టు మొదట్లో జిగురు పట్టిన చెక్క కత్తితో చెక్కింది, నిప్పు రాజేసింది. తన కోటు ఆయన కింద తోసింది. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి కొద్దికొద్దిగా పట్టింది.

"తినడానికేమైనా ఉందా?"

శాండ్‌విచ్ చిన్న ముక్కలుగా తుంపి నోట్లో పెట్టింది. "ఆర్డిత్ మీకోసం టర్కీ కాలు పంపింది."

"ఏదీ?"

"మీ బండి మీద పెట్టొచ్చాను."

"అక్కడెందుకు?"

"మీరు చూసి సిగ్గుపడాలని."

ఆయన నమలడం ఆపి ఆమె వంక చూశాడు. గొంతులో ఏదో కదిలింది. నవ్వని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. "దుంగల మీంచి లాగుతుంటే జారింది ఆ దుప్పి. బరువంతా నా కాలి మీదే. చచ్చిన దుప్పి చేతిలో దెబ్బతిన్న వేటగాడు నేనొక్కణ్ణేనేమో."

డోరిన్ అలవాటుగా రైఫిల్ ఆకాశం వైపు ఎత్తింది. మూడు పేల్చాలని.

"దండగ" అన్నాడు ఆర్లో. "నా తూటాలన్నీ అలాగే అయిపోయాయి. విన్నారా ఎవరైనా?"

ఆమె తుపాకి దించింది. "విన్నాం" అంది.

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటేనే బాగుండేదని ఆమెకు అనిపించింది. నిప్పులో లావు కట్టెలు వేసి, సెల్‌ఫోనుకి సిగ్నలు దొరికే శిఖరం వైపు ఎక్కడం మొదలుపెట్టింది. మంద వెళ్ళిన ముద్రలు ఆమె దారికి అడ్డంగా, తాజాగా ఉన్నాయి. వాటిని దాటుకుని ఎక్కింది.

*

శనివారం ఆసుపత్రిలో ఆమె లాండ్రీ వైపు నుంచి కాకుండా ముందు తలుపు గుండా లోపలికి వెళ్ళింది. ఆర్లో తెల్ల దుప్పటి కింద చిన్నగా కనిపించాడు. కాలు ఉంటుందన్నారు. రెండు వేళ్ళు పోతాయన్నారు.

మెర్ల్ అప్పటికే అక్కడున్నాడు. టోపీ చేతిలో నలిపేస్తున్నాడు. ఆ మనిషి అంతసేపు మాట్లాడకుండా ఉండటం డోరిన్ ఎప్పుడూ చూడలేదు.

"నేను లెక్కపెట్టా ఆర్లో" అన్నాడు చివరికి. "మూడు అని పైకే లెక్కపెట్టా. జోకేశా."

"మంచి జోకేనా?"

"ఆ రోజుకి బాగానే ఉంది."

"అయితే సరే. పో, ఆర్డిత్‌కి చెప్పు, ఇక్కడి సూపు అంట్లు కడిగిన నీళ్ళలా ఉందని."

మెర్ల్ తప్పించుకున్నట్టు వెళ్ళిపోయాడు. తలుపు మూసుకోగానే ఆర్లో గొంతు తగ్గించాడు.

"మంద ఎటు పోయింది నిన్న?"

"ఉత్తరం చెట్లలోకి."

"రేపటికి మళ్ళీ మైదానంలోకి వస్తాయి. ఆ గడ్డి వదిలిపెట్టవు." పక్క బల్ల మీది తాళంచెవుల వైపు గడ్డం చూపించాడు. "విను. నా బండి గేటు దగ్గరే ఉండనీ. ఆదివారం దాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. అది ఉన్నంతసేపూ లోపలికి ఎవడూ రాడు. నువ్వు డ్రై ఫోర్క్‌లో బండి పెట్టి శిఖరం మీదుగా దిగు. లోయంతా నీ ఒక్కదానిదే."

డోరిన్ తాళంచెవుల వంక చూసింది. ఆ మందలో అడ్డంగా నిలబడ్డ దుప్పి కళ్ళ ముందు మెదిలింది. వంటింట్లో ఖాళీ ఫ్రీజరు కరెంటు తింటూ మూలుగుతోంది. వెర్న్ దాన్ని ఆపేద్దామా అని నిన్ననే అడిగాడు.

"మీరు నాకు కానుక ఇస్తున్నారు" అంది.

"నా దగ్గర ఇంకేముంది ఇవ్వడానికి?" ఆయన ఆమె ముఖం చూడకుండా అన్నాడు. "ఆ రోజు మీ నాన్న పేరెత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది."

ఆమె తాళంచెవులు తీసుకుంది.

మధ్యాహ్నం వెర్న్‌ని పక్కన కూర్చోబెట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. బానెట్ మీద రేకు కాగితం పిట్టలు చింపేశాయి. ఎముక ఒక్కటి మంచులో పడి ఉంది. ఆకుపచ్చ బండి అక్కడే నిలబడి, లోపల మనిషి ఉన్నాడని వచ్చేపోయేవాళ్ళందరికీ చెబుతూనే ఉంది.

"ఒక్క రోజేగా" అన్నాడు వెర్న్. "ఆయనే ఇచ్చాడు. నువ్వు అడగలేదు."

"నువ్వు ఏ పక్షం?"

"ఈసారి ఫ్రీజరు పక్షం."

డోరిన్ నవ్వి, దిగి, తెల్ల తలుపు తీసింది. లోపల పొగాకు వాసన, పాత కుక్క వాసన. చాలాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. తర్వాత ఇంజను తిప్పింది. రెండుసార్లు దగ్గి అందుకుంది.

"మనిషి లేని బండి ఇక్కడ ఉండకూడదు వెర్న్" అంది కిటికీలోంచి. "నువ్వు నా బండి నడపగలవా? మెల్లగా?"

"నడుము ఒప్పుకోదు. కాని దానికి చెప్పకుండా నడుపుతా."

గేటు దగ్గర, మంచు లేని నల్లటి చదరం ఒకటి మిగిలింది.

*

ఆదివారం, చివరి రోజు. ఆమె అన్ని రోజులకంటే ముందు లేచింది. చివరి మలుపు తిరిగింది.

గేటు దగ్గర బండి ఉంది. బూడిద రంగుది. ఈ ప్రాంతం నంబరు కాదు.

డోరిన్ కాసేపు అలాగే కూర్చుంది.   లైట్లు ఆర్పింది. అలవాటు ప్రకారం గేరు మీద చెయ్యి వేసి, తీసేసింది.

మెల్లగా తలుపు తెరిచి దిగింది. ఆ బండి దగ్గరికి వెళ్ళి, గ్లవ్ తీసి బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. చిన్న టార్చి నేలకి దగ్గరగా పెట్టి చూసింది. రెండు జతల బూట్ల ముద్రలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. గేటు సందులోంచి లోపలికి పోయాయి. నడక బాగుంది, తడబాటు లేదు.

చప్పుడు లేకుండా తలుపు మూసుకుని డ్రై ఫోర్క్‌కి పోయింది. ఫర్ చెట్టు కింద రోజంతా కూర్చుంది. మధ్యాహ్నం కొండ అవతల నుంచి ఒక మోత వచ్చింది. ఆమె ఊపిరి బిగబట్టి రెండోదాని కోసం విన్నది. రాలేదు. మూడోది రాలేదు. చాలాసేపు విన్నాక గాని కాఫీ మూత తియ్యలేదు.

పొద్దు వాలింది. వేట ముగిసింది. ఆమె రైఫిల్‌లోంచి ఒక్కొక్క తూటా తీసి జేబులో వేసుకుంది. ఇంటికి పోవడానికి కింది దారి దగ్గర. ఆమె పై దారి పట్టింది.

గేటు దగ్గర బూడిద రంగు బండి లేదు. డోరిన్ దిగి, ఆఖరి వెలుతురులో వంగి చూసింది. లోపలి నుంచి బరువైనదేదో ఈడ్చుకొచ్చిన చాలు, మధ్యలో రక్తపు చుక్కలు. బలిసిన దుప్పే. ఆ చాలుకి రెండు పక్కలా బూట్ల ముద్రలు, బయటికి తిరిగి. పెద్దవి ఒక పక్క. చిన్నవి ఒక పక్క.

రెండు జతలూ వచ్చాయి.

ఆమె మోకాళ్ళ మీది మంచు దులుపుకుని బండెక్కింది.